పడవలో ల్యాప్‌టాప్‌కు విద్యుత్తు: ఇన్వర్టరు ఎంపికలో కొన్ని మెలకువలు

జంషెడ్‌పూర్‌లో నివసించే మన తెలుగువారికి సువర్ణరేఖ కొత్త నది కాదు. రాంచీ సమీపాన పుట్టి, హుండ్రూ వద్ద 98 మీటర్ల ఎత్తు నుంచి దూకి, చాండిల్ మీదుగా మన ఊరికి వచ్చి, సోనారీ చివర దోముహానీ వద్ద ఖర్కాయిని కలుపుకొని ఈ నది బంగాళాఖాతానికి సాగిపోతుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి ఉక్కు కర్మాగారంలో పనికోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలు మూడు నాలుగు తరాలుగా ఈ నీళ్ళే త్రాగుతున్నాయి. అయినా మనలో చాలామందికి నదితో పరిచయం వంతెన మీద నుంచే. పడవ ఎక్కి, నీటి నడుమ ఒక రాత్రి గడపవలసిన అవసరం ఎవరికి వస్తుంది?

మా ఇంట్లో ఒకరికి వచ్చింది. ఆ సందర్భంలో జరిగిన పొరపాటు, దానిని సరిదిద్దుకున్న తీరు మన ఉద్యోగ సోదరులకు, వారి కుటుంబ సభ్యులకు ఉపయోగపడగలవనే ఉద్దేశంతో ఈ వ్యాసం వ్రాస్తున్నాను. విద్యుత్ విభాగంలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. 11 కిలోవోల్టుల స్విచ్‌గేర్ ముందు ధైర్యంగా నిలబడ్డ నేను, 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఒక ఆడపిల్లను అర్ధరాత్రి జలాశయం మధ్యలో నిలిపివేయగలదని ముందుగా ఊహించలేకపోయాను. ఆ సంగతి ఒప్పుకొనే మొదలుపెడతాను.

ఆ రాత్రి ఏం జరిగింది?

మా అన్నయ్య కూతురు మత్స్యశాస్త్రంలో పరిశోధన చేస్తున్నది. జంషెడ్‌పూర్‌కు సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, సువర్ణరేఖ బహుళార్థ సాధక పథకంలో భాగంగా కట్టిన చాండిల్ జలాశయం ఆమె అధ్యయన క్షేత్రం. ఆ ఆనకట్ట వెనుక నిలిచిన నీటిలో ఎన్నో గ్రామాలు మునిగిపోయాయి. భూములు పోగొట్టుకున్న కుటుంబాలలో కొన్ని, తమ పొలాలు ఉన్న చోటనే నిలిచిన ఆ నీటి మీద సహకార పద్ధతిలో వల పంజరాలు తేల్చి చేపలు పెంచుతున్నాయి. సందర్శకులను పడవలలో త్రిప్పుతున్నాయి.

పంజరంలోని చేపకు పారిపోయే దారి లేదు. నీటిలో కరిగిన ప్రాణవాయువు తగ్గినప్పుడు నదిలోని చేప మరో చోటికి ఈదుకొని పోతుంది. పంజరంలోని చేప ఉన్నచోటనే ఊపిరాడక చనిపోతుంది. సాధారణంగా లీటరు నీటికి 5 మిల్లీగ్రాములకు తగ్గకుండా ప్రాణవాయువు ఉంటే చేపలకు క్షేమం. పగలు నీటిలోని నాచు, సూక్ష్మ వృక్షజాలం సూర్యకాంతిలో ప్రాణవాయువును విడుదల చేస్తాయి. రాత్రి అవి కూడా దానిని పీల్చుకుంటాయే గాని ఇవ్వవు. కావున ప్రాణవాయువు అన్నిటికంటె తక్కువగా ఉండేది తెల్లవారుజామున. పగటి పూట ఎన్ని కొలతలు తీసినా ఆ ఒక్క ఘడియలో కొలత లేకపోతే పరిశోధనకు విలువ లేదు. పంజరాల వారికీ ప్రయోజనం లేదు.

అందుచేత సాయంత్రం ఆరు గంటల నుంచి మరునాటి ఉదయం ఆరు గంటల వరకు పడవలో లంగరు వేసుకొని ఉండాలి. వివిధ లోతులలోకి కొలత సాధనాన్ని దించాలి. ఆ సాధనం పంపే అంకెలను ల్యాప్‌టాప్ ఎడతెగకుండా నమోదు చేయాలి. ల్యాప్‌టాప్ పాతది, దాని సొంత బ్యాటరీ గంటన్నర కంటె నిలవదు. ఆ లోటు తీర్చడానికి ఆమె బజారులో కార్ల సామాను అమ్మే ఒక దుకాణంలో 500 వాట్ల ఇన్వర్టరు కొన్నది. "పెద్దది తీసుకుంటే మంచిది కదా బాబాయ్" అని నాకు ఫోనులో చెప్పింది. "సరేనమ్మా" అన్నాను. అంతకు మించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నా తప్పు అక్కడే ఉంది.

పడవ ఇంజనును స్టార్టు చేసే బ్యాటరీ 60 ఆంపియర్-గంటలది, అదీ కొంత పాతబడినది. ఇన్వర్టరును దానికే తగిలించారు. లంగరు వేసి ఇంజను ఆపివేశారు. రాత్రి ఒంటిగంట దాటాక ఇన్వర్టరు కీచుమని కూసి ఆగిపోయింది. సరంగు లేచి ఇంజనును స్టార్టు చేయబోతే "టక్" మని ఒక్క శబ్దం తప్ప చలనం లేదు. మరి కొద్దిసేపటికి ల్యాప్‌టాప్ కూడా ఆరిపోయింది. పడవలోని దీపం ఎర్రబడి మసకబారింది. గాలి మొదలయింది. ఒడ్డు కనుచూపు మేరలో లేదు. అదృష్టవశాత్తు అందరూ లైఫ్ జాకెట్లు ధరించి ఉన్నారు, లంగరు గట్టిగా పట్టి ఉన్నది. సరంగు అనుభవజ్ఞుడు కావడంతో చీకటిలో తెడ్లు వేసే సాహసం చేయక, తెల్లవారే దాకా కదలవద్దని చెప్పాడు. ఉదయం మరొక పడవ వచ్చి వారిని లాక్కొని వెళ్ళింది.

కదమాలోని ఇంట్లో మా వదినగారు ఆ రాత్రి కన్ను మూయలేదు. తెల్లవారుజామున తీయవలసిన కొలతలు పోయాయి. పరిశోధన సమర్పణకు మిగిలిన గడువు మూడు వారాలు మాత్రమే. ఒడ్డుకు చేరిన అమ్మాయి నాకు ఫోను చేసి అడిగిన మొదటి మాట, "500 వాట్లు ఉన్నా ఎందుకు చాలలేదు బాబాయ్?" అని.

ఆ ప్రశ్నకు సమాధానమే మిగిలిన వ్యాసం.

వాట్లు వేరు, వాట్-గంటలు వేరు

ఇన్వర్టరు విద్యుత్తును పుట్టించదు. బ్యాటరీలోని 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తును 230 వోల్టుల, 50 హెర్ట్జ్‌ల ఏకాంతర విద్యుత్తుగా మార్చి ఇస్తుంది, అంతే. దాని మీద వ్రాసిన 500 వాట్లు ఒకేసారి ఎంత భారం మోయగలదో చెబుతుంది. ఎంతసేపు మోయగలదో చెప్పేది బ్యాటరీ. పైపు ఎంత లావుగా ఉన్నా తొట్టిలో ఉన్న నీళ్ళే కదా వచ్చేది!

ఆ రాత్రి లెక్క చూడండి. ల్యాప్‌టాప్ సగటున 40 వాట్లు తీసుకున్నది. ఆ చవక ఇన్వర్టరు సామర్థ్యం 80 శాతం అనుకుంటే, 40 వాట్లు ఇవ్వడానికి బ్యాటరీ నుంచి 50 వాట్లు లాగాలి. ఇంతే గాక, ఏ భారం లేకపోయినా ఇన్వర్టరు తన కోసం తాను కొంత విద్యుత్తు ఖర్చు చేసుకుంటుంది. అది సుమారు 10 వాట్లు. మొత్తం 60 వాట్లు. 12 వోల్టులతో భాగిస్తే 5 ఆంపియర్లు. కొలత సాధనానికి, దీపానికి కలిపి మరొక ఆంపియరు. అనగా గంటకు 6 ఆంపియర్-గంటల చొప్పున ఏడున్నర గంటలలో 45 ఆంపియర్-గంటలు ఖర్చయ్యాయి. పాతబడిన 60 ఆంపియర్-గంటల బ్యాటరీలో ఇంక మిగిలిందేముంటుంది?

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు అన్నారు పెద్దలు. పెద్ద ఇన్వర్టరు కొనడం వల్ల మేలు జరగకపోగా, రాత్రంతా దాని సొంత ఖర్చు బ్యాటరీ మీద పడింది. 65 వాట్ల ఎడాప్టరు గల ల్యాప్‌టాప్‌కు 150 నుంచి 200 వాట్ల ఇన్వర్టరు సమృద్ధిగా సరిపోతుంది.

ఇన్వర్టరు కూత ఎవరి కోసం?

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటి ఉంది. "బ్యాటరీ బాగా తగ్గితే ఇన్వర్టరే ఆగిపోతుంది గదా, భయమెందుకు?" అని దుకాణదారులు చెబుతారు. మాట నిజమే. 12 వోల్టుల చిన్న ఇన్వర్టర్లు చాలావరకు 10.5 వోల్టుల ప్రాంతంలో ఆగిపోతాయి. అయితే సీసపు బ్యాటరీ 10.5 వోల్టులకు దిగిందంటే దాదాపు ఖాళీ అయిపోయినట్లే లెక్క. ల్యాప్‌టాప్‌కు 5 ఆంపియర్లు చాలు. ఇంజను స్టార్టరుకు ఆ కొద్ది సెకన్ల పాటు వంద ఆంపియర్లు, ఒక్కొక్కప్పుడు అంతకు ఎన్నో రెట్లు కావాలి. ఇన్వర్టరు కూత పెట్టే వేళకు ఇంజనును లేపే శక్తి బ్యాటరీలో ఉండదు. ఆ కూత బ్యాటరీని పూర్తిగా చావకుండా కాపాడటానికే గాని, మనలను ఒడ్డుకు చేర్చడానికి కాదు.

రోడ్డు మీద కారు ఆగిపోతే నలుగురు కలిసి తోస్తారు. నీటి మీద ఎవరు తోస్తారు? కాబట్టి మొదటి సూత్రం ఇది: ఇంజను బ్యాటరీని ఇంజనుకే విడిచిపెట్టాలి. ల్యాప్‌టాప్‌కు, దీపాలకు, ఫోన్లకు వేరొక బ్యాటరీ ఉండాలి. ఈ రెంటికీ మధ్య ఎటువంటి శాశ్వత కలయిక ఉండరాదు. ఇంజను నడిచేటప్పుడు రెండూ చార్జి కావాలంటే, ఇంజను ఆగగానే రెంటినీ విడదీసే ఐసొలేటరు మధ్యలో పెట్టించుకోవాలి.

బ్యాటరీ జాతి కూడా ముఖ్యమే. ఇంజను స్టార్టు చేసే బ్యాటరీలో పలకలు పలుచగా, ఎక్కువగా ఉంటాయి. ఒక్కసారిగా ఎక్కువ ప్రవాహం ఇవ్వడానికి అవి అనుకూలం. గంటల తరబడి నెమ్మదిగా ఖాళీ చేస్తూ పోతే త్వరగా పాడవుతాయి. ఇళ్ళలో ఇన్వర్టర్లకు వాడే ట్యూబ్యులార్ బ్యాటరీ, లేదా లోతుగా వాడటానికి ఉద్దేశించిన సీలు వేసిన బ్యాటరీ ఈ పనికి తగినది. పడవ ఊగుతుంది కనుక ఆమ్లం చిందని సీలు బ్యాటరీ మేలు. సీసపు బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకుండా వాడుకుంటే ఎక్కువ కాలం మన్నుతుంది. భారం లేకుండా కొంతసేపు ఉంచి కొలిస్తే 12.2 వోల్టులు చూపినప్పుడు బ్యాటరీ సుమారు సగం ఉన్నదని గుర్తు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ బరువులో చాలా తేలిక, 80 శాతం వరకు వాడుకోవచ్చు. ధర ఎక్కువ, దానికి తగిన చార్జరు తప్పనిసరి.

అసలు ఇన్వర్టరు అవసరమా?

ఈ ప్రశ్న వేసుకోకుండా దుకాణానికి వెళ్ళరాదు. ల్యాప్‌టాప్ లోపల నడిచేది ఏకముఖ విద్యుత్తుతోనే. దాని ఎడాప్టరు గోడలోని 230 వోల్టులను సుమారు 19 లేదా 20 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. పడవలో మన దగ్గర ఉన్నదీ ఏకముఖ విద్యుత్తే. 12 వోల్టులను ఇన్వర్టరు 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తుగా మార్చడం, దానిని ఎడాప్టరు మళ్ళీ 20 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చడం, ముక్కెక్కడుందంటే తల చుట్టూ చేయి త్రిప్పి చూపినట్లుంటుంది. ప్రతి మలుపులోనూ కొంత శక్తి వేడిగా పోతుంది.

12 వోల్టుల నుంచి నేరుగా ల్యాప్‌టాప్‌కు కావలసిన వోల్టేజీని ఇచ్చే కారు ఎడాప్టర్లు దొరుకుతున్నాయి. ఇటీవలి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి యు.ఎస్.బి. టైప్-సి ద్వారానే చార్జింగు. అటువంటి ల్యాప్‌టాప్‌కు 65 లేదా 100 వాట్లు ఇవ్వగల మంచి కారు చార్జరు కొంటే ఇన్వర్టరు ఊసే అవసరం లేదు. శక్తి ఆదా కావడమే గాక, తడి పడవలో 230 వోల్టులు లేకపోవడం అన్నిటికంటె పెద్ద లాభం. మీ ల్యాప్‌టాప్‌కు ఈ సదుపాయం ఉంటే ఈ వ్యాసంలో బ్యాటరీ, తీగలు, ఫ్యూజుల గురించిన భాగాలు మాత్రం చదువుకుంటే చాలు.

మా అమ్మాయి ల్యాప్‌టాప్‌కు ఆ అదృష్టం లేదు. దాని పిన్ను మధ్యలో సన్నని సూది వంటి మరొక తీగ ఉంది. ఎడాప్టరు తన కంపెనీదేనా అని ల్యాప్‌టాప్ దాని ద్వారా విచారించుకుంటుంది. సమాధానం రాకపోతే యంత్రం నడుస్తుంది గాని బ్యాటరీ చార్జి కాదు. మేము తెచ్చి చూసిన కారు ఎడాప్టరుతో అదే జరిగింది. కనుక ఇన్వర్టరు తప్పలేదు.

తరంగం సంగతి

ఇన్వర్టర్లలో రెండు రకాలు. మన ఇళ్ళకు వచ్చే విద్యుత్తు అలలాగా నునుపుగా పైకి లేచి క్రిందికి దిగుతుంది. 230 వోల్టులన్నది దాని ప్రభావ విలువ, అల శిఖరం సుమారు 325 వోల్టులు ఉంటుంది. ఈ ఆకారాన్నే అందించేవి ప్యూర్ సైన్ ఇన్వర్టర్లు. చవక రకం ఇన్వర్టర్లు అలకు బదులు మెట్లు కడతాయి. ఒక్క గెంతులో పైకి, కాసేపు సున్నా, మరొక గెంతులో క్రిందికి. వీటిని మోడిఫైడ్ సైన్ అంటారు. పేరులో సైన్ ఉన్నది గదా అని భ్రమపడరాదు.

ల్యాప్‌టాప్ ఎడాప్టరు ఈ మెట్ల విద్యుత్తుతో కూడా సాధారణంగా పనిచేస్తుంది. అయితే కొన్ని ఎడాప్టర్లు గుయ్యిమని మ్రోగుతాయి, మామూలు కంటె వేడెక్కుతాయి, ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద బాణం గుర్తు తనంత తానే గంతులు వేస్తుంది. ఆ మొదటి రాత్రి బాణం గుర్తు నిలకడగా లేదని, కొలత సాధనం అంకెలలో కూడా అక్కడక్కడ తేడాలు కనిపించాయని అమ్మాయి చెప్పింది. సూక్ష్మమైన కొలత సాధనాలు తోడుగా ఉన్నప్పుడు ప్యూర్ సైన్ తీసుకోవడమే వివేకం. ఇంకొక సంగతి: మెట్ల తరంగాన్ని సాధారణ మల్టీమీటరు సరిగా కొలవలేదు. అది తప్పు అంకె చూపిందని ఇన్వర్టరు చెడిపోయిందనుకోరాదు.

విదేశాల నుంచి బంధువులు తెచ్చి ఇచ్చే ఇన్వర్టర్ల మీద 110 లేదా 120 వోల్టులని ఉండవచ్చు. ల్యాప్‌టాప్ ఎడాప్టర్ల మీద చాలావరకు 100 నుంచి 240 వోల్టులని ముద్రించి ఉంటుంది గనుక అవి నడుస్తాయి. తక్కిన మన పరికరాలు నడవవు. అలాగే ఇన్‌పుట్ వోల్టేజీ చూడాలి. లారీ ఇంజన్లు బిగించిన పెద్ద పడవలలో రెండు బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టులు చేసి ఉంటారు. అక్కడ 12 వోల్టుల ఇన్వర్టరును నేరుగా తగిలిస్తే కాలిపోవచ్చు. రెంటిలో ఒక్క బ్యాటరీకి మాత్రమే తగిలిస్తే ఆ ఒక్కటే ఖాళీ అయి, చార్జింగు సమతూకం చెడి రెండూ పాడవుతాయి. 24 వోల్టుల పడవకు 24 వోల్టుల ఇన్వర్టరే కొనాలి.

తీగ సన్నమైతే శక్తి దారిలోనే పోతుంది

కర్మాగారంలో కేబుళ్ళు లాగిన మిత్రులకు ఇది చెప్పనవసరం లేదు. కుటుంబ సభ్యుల కోసం చెబుతున్నాను. ఒకే శక్తిని తక్కువ వోల్టేజీ వద్ద పంపాలంటే ప్రవాహం ఎక్కువవుతుంది. 300 వాట్ల భారం 230 వోల్టుల వద్ద ఆంపియరున్నర కూడా తీసుకోదు. 12 వోల్టుల వద్ద అదే భారం 25 ఆంపియర్లు మింగుతుంది. ఇంటి వైరింగులో వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను బ్యాటరీ నుంచి 5 మీటర్ల దూరం లాగితే, పోను రాను 10 మీటర్లు. 25 ఆంపియర్లకు దారిలోనే సుమారు 1.8 వోల్టులు పోతాయి. 12లో 1.8 పోతే మిగిలేది 10.2. బ్యాటరీ నిండుగా ఉన్నా ఇన్వర్టరు ఖాళీ అయిందనుకొని కూత పెడుతుంది. 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే అదే దూరానికి నష్టం అర వోల్టుకు లోపే.

కావున ఇన్వర్టరును బ్యాటరీకి వీలైనంత దగ్గరగా, తీగ పొట్టిగా, లావుగా ఉండేటట్లు అమర్చాలి. సిగరెట్ లైటరు సాకెట్టులో దూర్చే ఇన్వర్టర్లకు ఆ సాకెట్టు ఫ్యూజే హద్దు. అది 10 లేదా 15 ఆంపియర్లు ఉంటుంది గనుక 120, 150 వాట్లకు మించి ఆశించరాదు. ఒక్క ల్యాప్‌టాప్‌కు అది చాలు.

బ్యాటరీ ప్లస్ కొన నుంచి బయలుదేరిన తీగకు జానెడు దూరం లోపలే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు కాపాడేది ఇన్వర్టరును కాదు, తీగను. ఫ్యూజుకు ముందున్న తీగ ఎక్కడైనా ఒరుసుకొని షార్టు అయితే ఆపేవాడు లేడు. పడవలో నిప్పు అంటుకుంటే పారిపోవడానికి చోటుండదు.

నీరు, ఆవిరి, వాయువు

పడవలో ఇన్వర్టరుకు ముగ్గురు శత్రువులు. మొదటిది నీరు. ఇన్వర్టరు పెట్టెకు గాలి రంధ్రాలుంటాయి, వాటిలో చినుకు పడరాదు. అలాగని గుడ్డ కప్పితే వేడెక్కి ఆగిపోతుంది. గోడకు నిలువుగా బిగించి, పైన గొడుగులా రేకు అమర్చడం మంచిది.

రెండవది పెట్రోలు ఆవిరి. అది గాలి కంటె బరువు గనుక పడవ అడుగున చేరుతుంది. సాధారణ ఇన్వర్టరు స్విచ్చిలో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు ముప్పు తేవడానికి. పెట్రోలు ట్యాంకు ఉన్న గదిలో ఇన్వర్టరును ఎన్నడూ పెట్టరాదు.

మూడవది బ్యాటరీ చార్జి అయ్యేటప్పుడు విడుదలయ్యే హైడ్రోజన్. గాలిలో అది 4 శాతానికి చేరితే అంటుకొనే స్వభావం వస్తుంది. బ్యాటరీ పెట్టెకు పైభాగాన గాలి పోయే దారి ఉంచాలి. ఇన్వర్టరు బ్యాటరీకి దగ్గరగా ఉండాలి గాని అదే పెట్టెలో ఉండరాదు. 100 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీ పాతిక కిలోలకు పైగానే తూగుతుంది. దానిని పట్టీలతో కట్టివేయకపోతే అల వచ్చినప్పుడు జారి మనుషుల కాళ్ళ మీద పడుతుంది.

ఇక 230 వోల్టుల వైపు. చిన్న ఇన్వర్టరుకు ఒక్క పరికరమే తగిలించాలి. జంక్షన్ బాక్సులు, ఎక్స్‌టెన్షన్ తీగలు పడవ అంతటా పరచరాదు. ఇన్వర్టరు అవుట్‌పుట్ తీగలలో దేనినీ ఇనుప పడవ దేహానికి కలపరాదు. తడి చేతులతో ప్లగ్గు ముట్టరాదు. పెద్ద పడవలో శాశ్వతంగా వైరింగు చేయించదలిస్తే అనుభవం ఉన్న లైసెన్సుదారు చేతనే చేయించాలి.

రెండవ రాత్రి

ఈసారి లెక్క ముందు వేసుకున్నాం. ఇంట్లో వాట్‌మీటరు పెట్టి ల్యాప్‌టాప్‌ను కొలిచాము. తెర వెలుగు తగ్గించి, అక్కరలేని పనులన్నీ ఆపివేసి, అంకెల నమోదు ఒక్కటే నడిపితే అది తీసుకొన్నది 25 వాట్లు. మొదటి రెండు గంటలు దాని లోపలి బ్యాటరీ కూడా చార్జి అవుతుంది గనుక 60 వాట్లు. రెండు గంటలకు 120, పది గంటలకు 250, వెరసి 370 వాట్-గంటలు. 85 శాతం సామర్థ్యం గల ఇన్వర్టరుకు 435. దాని సొంత ఖర్చు 5 వాట్ల చొప్పున పన్నెండు గంటలకు 60. మొత్తం సుమారు 500 వాట్-గంటలు, అనగా 42 ఆంపియర్-గంటలు. కొలత సాధనానికి 6. రమారమి 50. సగానికి మించి ఖాళీ చేయరాదన్న నియమం ప్రకారం 100 ఆంపియర్-గంటల బ్యాటరీ కావాలి.

200 వాట్ల ప్యూర్ సైన్ ఇన్వర్టరు, 100 ఆంపియర్-గంటల సీలు బ్యాటరీ, 10 చదరపు మిల్లీమీటర్ల తీగ ఒకటిన్నర మీటర్లు, 30 ఆంపియర్ల ఫ్యూజు, ఒక చిన్న వోల్ట్‌మీటరు. దీపానికి విడిగా చార్జింగు టార్చి. ఇంజను బ్యాటరీని ఎవరూ ముట్టుకోలేదు. బయలుదేరే ముందు మా వదినగారు, "ఈసారి మీరు కూడా వెళ్ళండి మరిదిగారూ" అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం ఉన్నది, న్యాయమూ ఉన్నది. వెళ్ళాను.

రాత్రి ఒంటిగంటన్నరకు అమ్మాయి ఏమీ మాట్లాడకుండా వోల్ట్‌మీటరు వైపు చూసింది. 12.4 వోల్టులు. మూడు గంటలకు 12.3. దూరాన దల్మా కొండలు నల్లగా ఉన్నాయి. పంజరాల మీది గుడిసెలో కాపలా మనిషి దీపం ఒకటే మిణుకుమంటున్నది. నాలుగున్నరకు తెర మీద ప్రాణవాయువు గీత నెమ్మదిగా దిగి, కాసేపు నిలిచి, వెలుగు వచ్చాక మళ్ళీ లేవనారంభించింది. ఆ అంకెలు ఆమె పరిశోధనకు సంబంధించినవి, నేను చెప్పదగినవి కావు. ఆ గీత ఎక్కడా తెగలేదన్నదే నేను చెప్పవలసినది. ఆరు గంటలకు సరంగు మీట నొక్కగానే ఇంజను మొదటి ప్రయత్నంలోనే లేచింది. ఆ చప్పుడు విన్నంత హాయిగా నేను ఏ సంగీతమూ వినలేదు.

తిరిగి వచ్చేటప్పుడు పంజరాల వద్ద ఆగాము. తెల్లవారుజామున ఏ లోతులో గాలి తగ్గుతున్నదో అమ్మాయి వారికి గీత చూపి వివరించింది. ఒక పెద్దాయన తెరను చాలాసేపు చూసి, తమ ఊరు ఇక్కడికి సరిగ్గా క్రిందనే ఉండేదని చెప్పాడు. ఆ తరువాత, మేత ఏ వేళకు వేయడం మంచిదని అడిగాడు.

కొనబోయే ముందు

పాఠకుల సౌకర్యార్థం సారాంశాన్ని క్రింద ఇస్తున్నాను.

1. నేరుగా 12 వోల్టుల నుంచి ల్యాప్‌టాప్‌కు చార్జింగు సాధ్యమేమో ముందు చూడండి. సాధ్యమైతే ఇన్వర్టరు మానండి.

2. ఎడాప్టరు మీది వాట్లకు రెండు మూడు రెట్లు మించని ప్యూర్ సైన్ ఇన్వర్టరు తీసుకోండి. భారం లేనప్పుడు ఎంత ఖర్చవుతుందో అడగండి.

3. పడవ 12 వోల్టులదా, 24 వోల్టులదా అని సరంగును అడిగి తెలుసుకోండి.

4. ఎన్ని గంటలు పని ఉన్నదో వాట్-గంటలలో లెక్కించి, సీసపు బ్యాటరీ అయితే దానికి రెట్టింపు సామర్థ్యం గలది తీసుకోండి.

5. ఇంజను బ్యాటరీని ఎట్టి పరిస్థితిలోనూ ఇతర పనులకు వాడకండి.

6. లావు తీగ, పొట్టి దూరం, జానెడు లోపల ఫ్యూజు.

7. అమరిక అంతటినీ ఒక రాత్రి ఇంట్లో పూర్తిగా నడిపి చూసి, ఆ తరువాతనే నీటి మీదికి తీసుకొనిపోండి.

ఈ ఏడవ సూచన మొదటిసారే పాటించి ఉంటే మా ఇంట ఆ రాత్రి అందరూ నిద్రపోయి ఉండేవారు. ఇంట్లో పిల్లలు ఫోను చేసి ఏదైనా పరికరం కొన్నామని చెప్పినప్పుడు, "సరేనమ్మా" అనే ముందు "దేనికి తగిలిస్తున్నావు తల్లీ?" అని ఒక్క ప్రశ్న అడుగుదాం. ఉద్యోగంలో నేర్చిన విద్య పదవీ విరమణతో గేటు వద్ద అప్పగించి రావలసినది కాదు.